పాలు విరిగిన రంగం గురించి: మన ఊరి నాటక సమాజ సభ్యులకు బహిరంగ లేఖ

విజయనగరం

గౌరవనీయులైన రచయిత గారికి, దర్శకులు గారికి, నటీనటులకు, తెర వెనుక పనిచేసే మిత్రులందరికీ నమస్కారాలు.

ఒకే కప్పు కింద ఉంటూ ఒకరి మాట ఒకరు వినిపించుకోని కుటుంబం మీద మీరు తయారు చేస్తున్న కొత్త హాస్య నాటికను చదివి వినిపించిన సాయంత్రానికి, నాటకాలంటే ఇష్టమున్న కొందరు ఊరివాళ్లతో పాటు నన్నూ పిలిచారు. ఆ తరువాత రెండు వారాలకు రిహార్సల్ చూడటానికి కూడా రానిచ్చారు. పగలంతా బ్యాంకుల్లో, బడుల్లో, కరెంటు ఆఫీసులో ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రం ఏడు గంటలకు బడి గదిలో బల్లలు పక్కకు జరిపి, రాత్రి పదిన్నర దాకా ఒకే రంగాన్ని పదిసార్లు చేసి చూసుకునే మీ ఓపికను దగ్గరగా చూసిన తరువాత, తోచిన మాట చెప్పకుండా ఊరుకోవడం మర్యాద కాదనిపించింది. మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పమని మీరు అడిగినప్పుడు నాకు గొంతు పెగలలేదు. ఎందుకు పెగలలేదో ఈ లేఖ చదివితే మీకే అర్థమవుతుంది. దీన్ని మీ చేతికిచ్చి సరిపెట్టుకోకుండా నలుగురూ చదివేలా రాయడానికి కారణం, మన ప్రాంతంలో నాటికలు రాసేవారికీ, ఆడేవారికీ, చూసేవారికీ అందరికీ ఈ విషయంతో సంబంధం ఉందని నేను నమ్మడమే.

నాకు ఎంతో నచ్చినవి ముందుగా చెప్తాను. మేడ మీద గదిలో కూర్చున్న మనవరాలు కింద వంటింట్లో ఉన్న తల్లికి టీ కావాలని ఫోనులో మెసేజీ పెట్టడం, ఆ తల్లి చేతులు తుడుచుకుని, కళ్లజోడు వెతుక్కుని దాన్ని చదివే లోపల పొయ్యి మీద టీ పొంగిపోవడం చూసి మేమంతా హాయిగా నవ్వాం. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని, "మీ అబ్బాయి కరెంటు బిల్లు కట్టాడేమో అడుగు" అని ఒకరూ, "కట్టేశానని నాన్నకు చెప్పమ్మా" అని ఒకరూ ఆ ఇల్లాలి చేత మాటలు మోయించే రంగం ఇంకా బాగుంది. ఆమె చివరికి ఇద్దరికీ ఏమీ చెప్పకుండా రెండు గిన్నెలు చప్పుడయ్యేలా బోర్లించి వెళ్లిపోయినప్పుడు, నా పక్కన కూర్చున్నావిడ "మా ఇల్లే" అని గొణిగింది. భార్యాభర్తలు పేరు పెట్టి పిలుచుకోకుండా, పిల్లల్ని మధ్యన పెట్టుకుని మాట్లాడుకోవడం తెలుగు ఇళ్లలో తరాలుగా ఉన్నదే. ఫోను వచ్చి ఇళ్లను మూగవి చేసిందని అందరూ అనే మాటనే మళ్లీ అనకుండా, ఉన్న అలవాటే ఫోనులోకి దూరిందని మీ రచయిత పట్టుకోగలిగారు. అది తేలికైన పని కాదు.

నా బాధ తాతగారి పాత్ర గురించి, పనిమనిషి పాత్ర గురించి.

రెండో రంగంలో కోడలు వంటింట్లోంచి "పాలు విరిగిపోయాయి" అంటుంది. వినికిడి తగ్గిన తాతగారు "కాలు విరిగిపోయిందా? ఎవరికి?" అంటూ కంగారుగా లేచి, చేతికర్ర పట్టుకుని, వీధిలోకి వెళ్లి ఆటో పిలుచుకొస్తారు. ఇంట్లోవాళ్లు తలలు పట్టుకుంటారు. ఇక అక్కణ్ణుంచి నాటిక అయ్యేదాకా ఆయన నోరు విప్పినప్పుడల్లా ఒక తప్పు మాటే. నేను లెక్కపెట్టినంతలో అవి పదకొండు. మొదటిసారి నేనూ నవ్వాను. నాలుగోసారికి నా నవ్వు ఆగిపోయింది. ఏడోసారికి నాకు ఆ కుర్చీలో మా నాన్న కనిపించారు.

మా నాన్న మన జిల్లాలోనే ఒక జూట్ మిల్లులో, మగ్గాల షెడ్డులో ముప్పై రెండేళ్లు పనిచేశారు. వరసలు వరసలుగా మగ్గాలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే ఆ షెడ్డులో పక్కమనిషి చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు చేతులతోనూ, పెదవుల కదలికతోనూ మాట్లాడుకునేవారట. మణికట్టు మీద వేలు పెడితే టైమెంతయిందని. కడుపు మీద అరచెయ్యి పెడితే అన్నం తెచ్చుకున్నావా అని. గుప్పిట బిగించి తిప్పితే మగ్గం ఆపమని. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఆ సైగలు నాన్న దగ్గర నేర్చుకుని, అమ్మకు తెలియకుండా మాట్లాడుకోవడానికి వాడుకునేవాళ్లం. ఏళ్ల తరబడి ఆ హోరు చెవిన పడితే లోపలి చెవిలో ఉండే సున్నితమైన కణాలు చచ్చిపోతాయనీ, అవి మళ్లీ పుట్టవనీ, ఆ చెవుడు ఒక్కరోజులో రాకుండా మనిషికే తెలియనంత మెల్లగా కమ్ముకుంటుందనీ అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. నాన్నకు యాభై దాటేసరికి మేము ప్రతిమాటా రెండుసార్లు చెప్పవలసి వచ్చేది.

ఈ చెవుడు గురించి నేను తరువాత తెలుసుకున్నది మీకు పనికివస్తుంది. హోరు వల్ల వచ్చినా, వయసు వల్ల వచ్చినా, ముందుగా పోయేది సన్నని ధ్వనులు వినే శక్తి. మాటలోని అచ్చులు చాలాకాలం వినపడుతూనే ఉంటాయి, హల్లులు జారిపోతాయి. "ఆలు" అన్నంత వరకు చెవికి అందుతుంది, దాని ముందున్నది "ప" అయినదీ "క" అయినదీ తెలియదు. అంటే మీ రచయిత రాసిన పాలు, కాలు పొరపాటు ఇళ్లలో నిజంగా జరిగేదే. గట్టిగా అరిస్తే అచ్చులే మరింత పెద్దవవుతాయి గాని పోయిన హల్లు తిరిగి రాదు. "ఎందుకలా అరుస్తారు, నాకు వినపడుతోంది" అని విసుక్కున్న పెద్దవాళ్లే మరుక్షణం "ఏమన్నావు?" అని అడగడం ఇందుకే. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ముఖం కనపడేలా కాస్త నెమ్మదిగా చెప్తే అదే మాట మామూలు గొంతుతోనే అందుతుంది.

మా ఇంట్లో మేము అలా చెప్పలేదు. నాన్న తప్పు విన్న మాటలు పండగలకు చుట్టాలందరూ కూడినప్పుడు చెప్పుకునే కథలయ్యాయి. మొదట్లో ఆయన కూడా మాతో కలిసి నవ్వేవారు. తరువాత తల ఊపడం నేర్చుకున్నారు. ఎవరు ఏం చెప్పినా "ఆఁ, ఆఁ" అని తల ఊపేవారు. ఒకసారి నాకు బదిలీ అయిందనీ, వేరే ఊరు వెళ్లాలనీ ఆయనకు చెప్పాను. తల ఊపారు. నెల తరువాత నేను సామాను సర్దుతుంటే గుమ్మంలో నిలబడి "ఎక్కడికమ్మా?" అని అడిగారు. విన్నట్టు తల ఊపారు గదా అని నేనంటే ఆయన బదులు చెప్పలేదు. ఆ రాత్రి అమ్మ చెప్పింది, మళ్లీ అడిగితే నవ్వుతారని ఆయన అడగలేదట.

తమ్ముడు ఉద్యోగంలో చేరాక చెవి మిషను కొనిచ్చాడు. అది పెట్టుకున్న మొదటిరోజు నాన్న పెరట్లోకి వెళ్లి కొబ్బరాకులు గాలికి కదిలే చప్పుడు వింటూ చాలాసేపు నిలబడిపోయారు. అయితే ఇంట్లో నలుగురం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడితే ఆ గోలలో ఏ మాటా తెలియక, దాన్ని తీసి వక్కపొడి డబ్బాలో పెట్టేసేవారు. అమ్మ ఒక్కతే దారి కనిపెట్టింది. ఏదైనా చెప్పాలంటే ఆయన కంచం అంచు మీద గరిటెతో రెండుసార్లు తట్టి, ఆయన తలెత్తి తన ముఖంలోకి చూశాకే మాట మొదలుపెట్టేది. వాళ్లిద్దరి మధ్య మాట పొరపాటు పడటం నేను ఎన్నడూ చూడలేదు.

అందువల్ల ఆ రంగాన్ని తీసేయమని నేను కోరడం లేదు. దాన్ని పూర్తిగా చూడమని కోరుతున్నాను. పాలు విరిగాయన్న మాటను సరిగ్గా విన్నవాళ్లు ఆ ఇంట్లో ముగ్గురున్నారు. కొడుకు పేపరు దించలేదు. మనవడు ఇయర్‌ఫోన్లు తీయలేదు. మనవరాలు మేడ దిగలేదు. తప్పు విన్న తాతగారు ఒక్కరే లేచారు. కోడలికి కాలు విరిగిందనుకుని, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి ఎండలో వీధి చివరి దాకా వెళ్లి ఆటో తీసుకొచ్చారు. ఇదంతా మీ రాతలోనే ఉంది, కొత్తగా రాయవలసింది ఏమీ లేదు. ఆయన గుమ్మంలో నిలబడి "పదమ్మా, ఆస్పత్రికి" అన్నప్పుడు, పాలగిన్నె చేత్తో పట్టుకున్న కోడలు విసుక్కోకుండా ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూస్తే చాలు. బయట ఆటో అతను కిరాయి కోసం కేకలు వేస్తూనే ఉండవచ్చు, ప్రేక్షకులు నవ్వుతూనే ఉండవచ్చు. కాని ఆ నవ్వు నిలబడినాయన మీంచి కదిలి కూర్చున్నవాళ్ల మీదికి వెళ్తుంది.

మిగిలిన పది పొరపాట్లలో ఎనిమిది తీసేసినా నాటికకు లోటు రాదు. వాటికి బదులుగా ఒక సంగతి చెప్తాను, వాడుకోండి. పెదవుల కదలిక చూసి మాట పట్టడం అలవాటైన మనిషికి, చెవులున్నవాళ్లకు తెలియనివి తెలుస్తాయి. మా వీధి అవతలి అరుగు మీద ఇద్దరు గుసగుసలాడుకుంటే మాకు వినపడేది కాదు. నాన్న మాత్రం వాకిట్లోంచే చూసి ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పేసేవారు. మీ మనవరాలు ఎవరికీ వినపడకూడదని గది మూలన నిలబడి ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడే రంగం ఎలాగూ ఉంది. ఆ గదిలో ఆ మాటలు తెలిసినవారు తాతగారు ఒక్కరే అయితే, ఆ తరువాత ఆయన ఆ పిల్లను ఒక్క ప్రశ్న అడిగితే, ఆ నవ్వు ఎంత పెద్దదవుతుందో మీరే ఊహించండి.

ఇక పనిమనిషి మాట. ఆ కుటుంబం కాపురం ఉంటున్నది మన ఊళ్లోని మూడు లాంతర్ల కూడలి దగ్గర అని మొదటి రంగంలోనే చెప్పారు. తాతగారు ఈ ఊళ్లో పుట్టి పెరిగినవారు, ఆయన కొడుకు ఇక్కడే చదువుకున్నాడు. అయినా ఆ ఇంట్లో ఒక్కరూ ఈ ఊరి మాట మాట్లాడరు. అందరిదీ సినిమాల్లో వినే కృష్ణా, గుంటూరు జిల్లాల మాటే. పనిమనిషి ఒక్కతే "ఓలమ్మ" అంటుంది, "ఏటీ" అంటుంది, "వచ్చీసేనమ్మా" అంటుంది. ఆమె నోరు తెరవగానే నవ్వు రావాలని నేపథ్య సంగీతం వాయించే అబ్బాయికి కూడా సూచన ఇచ్చారు. ఆమె చెప్పే మాటలో నవ్వవలసింది ఏమీ లేదు. రెండు నెలల జీతం బాకీ ఉందని చెప్తోంది. మేమంతా నవ్వుతూ ఉండటం వల్ల ఆ మాట ఎవరికీ వినపడలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాసను నవ్వించడానికి, అమాయకుణ్ణో మొద్దునో చూపించడానికి మాత్రమే సినిమాలు వాడుకుంటున్నాయని మనమందరం ఎన్నోసార్లు నొచ్చుకున్నవాళ్లమే. మన ఊళ్లో, మన సమాజం, మన ప్రేక్షకుల ముందు అదే పని చేస్తే ఆ నొచ్చుకోవడానికి అర్థం ఉండదు.

ఈ విషయంలో నా తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. తెలుగు పండిత శిక్షణలో ఉన్న రోజుల్లో నేను ఇంటికి వచ్చినప్పుడల్లా నాన్న మాట దిద్దేదాన్ని. "ఏటి కాదు నాన్నా, ఏమిటి అనాలి", "సెప్పు కాదు, చెప్పు" అని. ప్రేమతోనే అనేదాన్ని. ఉద్యోగంలో చేరాక ఒకసారి నా తోటి ఉపాధ్యాయులు మా ఇంటికి భోజనానికి వచ్చారు. నాన్న వాళ్లకు చేతులు జోడించి, చిన్నగా నవ్వి, లోపలికి వెళ్లిపోయారు. వాళ్లు ఉన్న రెండు గంటలూ బయటికి రాలేదు. అంతకుముందు ఆయన వీధిలో కనిపించిన ప్రతివాళ్లనీ పిలిచి కూర్చోబెట్టుకునే మనిషి. చెవుడు ఆయన మాటను సగం ఆపితే, మిగతా సగాన్ని నేను ఆపాను. మీ నాటికలో నవ్వుకోవడానికి పెట్టిన చెవిటి తాతగారూ, యాస మాట్లాడే పనిమనిషీ ఇద్దరూ కలిస్తే మా నాన్న. ఆ సాయంత్రం నాకు గొంతు పెగలకపోవడానికి కారణం ఇదే.

మనం ఉన్న ఊరు ఏదో కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. 1892లో జగన్నాథ విలాసినీ సభ వారు 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. దాని మొదటి రంగమే మన బొంకులదిబ్బ మీద మొదలవుతుంది. 1897లో అచ్చయిన మొదటి ప్రతికి గురజాడ వారు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో, నాటకాన్ని వాడుక భాషలో రాయడం జనానికి అర్థం కావడం కోసమే కాదనీ, తెలుగులో హాస్యానికి తగిన భాష అదేనన్న నమ్మకంతో రాశాననీ చెప్పుకున్నారు. ఆయన నాటకంలో గిరీశం మాట ఒకలా, అగ్నిహోత్రావధాన్లు మాట ఒకలా, హెడ్డు కనిస్టీబు మాట ఒకలా, అసిరిగాడి మాట ఒకలా ఉంటాయి. ఒక్కరికే యాస ఉండి తక్కినవారికి లేకపోవడం అందులో లేదు. ఎవరి మాట వారిది గనకనే అక్కడ నవ్వు పుడుతోంది.

ఆయన స్నేహితులు గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, కొండల్లో ఉండే, ఎవరూ పట్టించుకోని సవరల భాషను వాళ్ల నోటినుంచే విని నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడులు పెట్టారు. ఆ కొండల్లో తిరిగేటప్పుడు పట్టుకున్న మలేరియాకు క్వినైను ఎక్కువగా తీసుకోవడం వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. మన నేలమీద పక్కవాడి మాటను అంత శ్రద్ధగా విన్న మనిషి మరొకరు లేరు, ఆయనకే వినికిడి పోయింది. వేదిక మీద చెవిటి తాతగారి వేషం కట్టే నటులు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఆ పాత్ర నడక మారిపోతుందని నా నమ్మకం.

మీకు ఎదురయ్యే ఇబ్బందులు నాకు తెలియనివి కావు. నటీమణులు దొరకడం కష్టమనీ, బయటి జిల్లాల నుంచి వచ్చే కళాకారిణికి మన యాస పట్టుబడదనీ దర్శకులు గారు అన్నారు. అలాగైతే ఆ కోడల్ని గుంటూరు పిల్లగానే రాయండి. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లకు కూడా మామగారి మాట తనకు సగమే తెలుస్తుందని ఆమె చేత అనిపించండి. నాటిక చెప్పదలచుకున్నదానికి అది బలమే అవుతుంది. మనవడు హైదరాబాదు ఆఫీసుతో ఫోనులో ఒక భాష మాట్లాడి, ఫోను పెట్టగానే "తినీసేను నానమ్మా" అంటే ఆ హాల్లో కూర్చున్న ప్రతి తల్లీ తన కొడుకును గుర్తుపడుతుంది. నాటక పరిషత్తు పోటీలకు వేరే జిల్లాలకు వెళ్తే న్యాయనిర్ణేతలకు మన మాట అర్థం కాదేమో అన్న భయం కూడా విన్నాను. వాళ్లకు పనిమనిషి మాట అర్థమై నవ్వు వస్తుందని నమ్మినప్పుడు, అదే మాట ఇంటి యజమాని మాట్లాడితే మాత్రం ఎందుకు అర్థం కాదు?

చివరి రంగం గురించి కూడా ఒక మాట. అందరూ అపార్థాలు విప్పుకున్నాక కొడుకు ముందుకు వచ్చి, మనం మనసు విప్పి మాట్లాడుకోవాలంటూ ప్రేక్షకుల వైపు తిరిగి నాలుగు నిమిషాలు ప్రసంగిస్తాడు. వెనుక వయొలిన్ వస్తుంది. నాటికకు సందేశం ఉండాలి, అది నోటితో చెప్పాలి అన్న అలవాటు మన పోటీల్లో బాగా పాతుకుపోయిందని నాకు తెలుసు. కాని గంటసేపు మనుషులు మాట దాచుకోవడం అంత చక్కగా చూపించిన తరువాత, వాళ్లను ఒక్కసారిగా ఉపన్యాసకుల్ని చేస్తే అంతకుముందు చూసినది అబద్ధమైపోతుంది. మనవాళ్లు అలా మాట్లాడరు. మాట్లాడకుండానే చెప్పుకుంటారు, వినేవాడు ఉంటే.

నేను 1987లో ఉద్యోగంలో చేరినప్పుడు మొదట వేసింది సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెకు. ఆ ఊరి మగవాళ్లు చాలామంది చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తరబడి అక్కడే పడవల మీద ఉండేవారు. సాయంత్రం బడి వదిలాక ఆడవాళ్లు ఇన్‌లాండ్ కవరు పట్టుకుని వచ్చి, భర్తకు ఉత్తరం రాసి పెట్టమనేవారు. ఒకామె నేలమీద కూర్చుని చాలాసేపు చెప్పింది: చిన్నవాడికి జ్వరం, అత్తతో గొడవ, చెవి దిద్దులు తాకట్టుకు వెళ్లడం, ఇంటి కప్పు కారడం. నేను కలం పట్టుకుని అన్నీ రాయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అయ్యేటీ రాయకండమ్మా. బాగున్నామని రాసీండి సాలు." అలాగే రాశాను. కవరు మడిచాను. ఆమె లేచి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. "ఇక్కడ వాన బాగా పడతందని ఒక్క ముక్క రాయండమ్మా" అంది. విప్పి, అంచున ఉన్న కాస్త చోటులో ఆ ఒక్క ముక్క రాశాను. నెల తిరగకుండా మనియార్డరు వచ్చింది. ఉత్తరమూ వచ్చింది, దాన్నీ నేనే చదివిపెట్టాను. తాను క్షేమమని రాసి, చివర, తాటాకు కొని కప్పు నేయించమని రాశాడు ఆ మనిషి. కప్పు కారుతోందని అతనికి ఎవరూ చెప్పలేదు.

రచయిత గారూ, మీ నాటిక చివర ఆ ప్రసంగానికి బదులు అలాంటి ఒక్క వాన ముక్క కావాలి. అది ఏమిటో మీకే తెలియాలి. నేను రాయగలిగితే నేనే నాటకాలు రాసేదాన్ని. మా అమ్మ కంచం మీద గరిటెతో తట్టినది మీకు పనికివస్తుందంటే సంతోషంగా తీసుకోండి. రెండో రంగంలో విసుక్కున్న కోడలు చివరి రంగంలో మామగారి కంచం అంచు మీద రెండుసార్లు తట్టి, ఆయన తలెత్తేదాకా ఆగితే, తెర పడవచ్చునని నాకనిపిస్తోంది.

ఇక ప్రదర్శన ఏర్పాట్ల గురించి కొన్ని విన్నపాలు. తేదీ ఇంకా ఖరారు కాలేదని విన్నాను. దసరా తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి హైదరాబాదులో, చెన్నైలో, విశాఖలో ఉన్న మన పిల్లలందరూ ఇల్లు చేరుతారు. ముందురోజు జరిగే తొలేళ్ల నాడూ, సిరిమాను నాడూ ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది గనక ఆ రెండు రోజులూ వద్దు. ఆ మరునాడో, గురువారమో, వాళ్లు తిరుగు ప్రయాణం కట్టకముందే పెట్టండి. కుటుంబంలో మాటల గురించిన నాటికను కుటుంబం మొత్తం ఒకే వరుసలో కూర్చుని చూసే అవకాశం మన ఊళ్లో ఆ వారంలోనే ఎక్కువ. రాత్రి తొమ్మిదికి కాకుండా ఆరున్నరకే మొదలుపెడితే పెద్దవాళ్లు కూడా వస్తారు.

వినికిడి తగ్గినవాళ్లకు ముందు రెండు వరుసలు వదలండి. వాళ్లకు మైకు కన్నా నటుల ముఖాల మీద పడే వెలుతురు ఎక్కువ సాయం చేస్తుంది, అందుచేత ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు నటులు వెనక్కి తిరగకుండా దర్శకులు గారు చూడాలి. వేదిక పైన వేలాడదీసే మైకులు మాటకంటే అడుగుల చప్పుడునే ఎక్కువ పట్టుకుంటున్నాయని పోయిన సంవత్సరం ప్రదర్శనల్లో చాలామంది అన్నారు. వీలైతే ముందుగా ఒక సాయంత్రం హాలు తీసుకుని, ఎవరినైనా చివరి వరుసలో కూర్చోబెట్టి విని చూడండి. నాకు ఖాళీయే, కబురు చేస్తే వచ్చి కూర్చుంటాను.

మా నాన్న 2009లో పోయారు. అమ్మకు ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు, ఆమెకూ వినికిడి తగ్గింది, ఎడమచెవి కాస్త బాగా పనిచేస్తోంది. మీ నాటిక సంగతి చెప్తే వస్తానంది. హాల్లో కుడివైపు కూర్చుంటే ఆమె ఎడమచెవి వేదిక వైపు ఉంటుంది గనక, రెండో వరుసలో కుడి చివర నాలుగు సీట్లు మా కోసం ఉంచగలరా? అమ్మకు, నాకు, తమ్ముడికి, మరదలికి. వాళ్లిద్దరూ సిరిమానుకు వస్తున్నారు. టిక్కెట్లు ఎక్కడ ఇస్తారో, ఏ రోజు నుంచి ఇస్తారో తెలియజేయగలరు.

ఇట్లు,
మీ ప్రేక్షకురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, విజయనగరం